గడప దాటిన బూట్లు

నా చిన్నప్పుడు చిక్కడపల్లిలో మా ఇంటి గోడకు ఒక నల్లటి గీత ఉండేది. ఎవరో పనిగట్టుకుని గీసింది కాదు. ముందు గదిలోంచి వంటింటికి పోయే సన్నటి నడవలో, ఎడమ చేతి వైపు, పెద్దవాళ్ళ నడుమంత ఎత్తున, అరచెయ్యి వెడల్పుతో నూనె పట్టినట్టు నున్నగా సాగేది. ప్రతి ఏడూ దసరాకు ముందు సున్నం వేయించేవాళ్ళం. ఉగాది వచ్చేసరికి మళ్ళీ పైకి తేలేది. మొదట మా తాతయ్య, ఆయన తర్వాత మా నాన్న, చెయ్యి ఆనించి నడిచీ నడిచీ పడిన మరక అది. నేను ఎనిమిదో తరగతికి వచ్చేనాటికి దానికి జానెడు కిందుగా ఇంకో సన్నటి గీత మొదలైంది. అది నాది.

ముప్పై ఏళ్ళయినా నిండకుండానే చిన్నప్పటి కబుర్లేమిటి అని నవ్వేవాళ్ళు నవ్వుకోండి. నారాయణగూడలో నా కాలికి ఆసరాగా తొడిగే బ్రేసు తయారుచేసే చోట బల్ల మీద వరుసగా కూర్చునే పిల్లలకు నేను పెద్దదాన్నే. కొందరు ఆంటీ అంటారు, ఒక పిల్లయితే ఏకంగా పెద్దమ్మా అంది. ఆ పిలుపు ఇచ్చిన ధైర్యంతోనే ఇది రాస్తున్నాను.

మా ఇంట్లో ఆ జబ్బుకు పేరు ఉండేది కాదు. 'మా వాళ్ళ కాళ్ళే అంత' అనుకునేవారు, ముక్కూ మొహం పోలిక గురించి చెప్పుకున్నట్టు. పాదం మధ్యలో విల్లులా పైకి లేచి, వేళ్ళు ముడుచుకుని, మోకాలి కింద కండ లేకుండా సన్నగా ఉండేవి. నడిచేటప్పుడు పాదం ముందుభాగం పైకి లేవదు. అందుకని మోకాలు ఎత్తి వేయాలి, వేసినప్పుడు పాదం నేలకు టప్పున కొట్టుకుంటుంది. మా నాన్న వస్తున్నాడని వీధి మలుపులోనే తెలిసేది. ఆయనకు అశోక్ నగర్‌లో జిరాక్సు, స్పైరల్ బైండింగ్ దుకాణం ఉండేది. సర్కారు ఉద్యోగాల పరీక్షలకు చదివే హాస్టల్ పిల్లలు నోట్సు కట్టించుకోవడానికి వచ్చేవారు. చెప్పులు జారిపోకుండా వాటికి వెనక రబ్బరు పట్టీ తనే కుట్టుకుని, దుకాణంలో కుర్చీ దిగకుండా పని గడుపుకునేవాడు. తన కాళ్ళ గురించి ఎవరేమడిగినా వినపడనట్టే ఉండేవాడు.

ఇంట్లో పెద్దదిక్కు మా బాపమ్మ, నాన్న వాళ్ళమ్మ. పొట్టి మనిషి, గట్టి మనిషి. మడి విషయంలో ఆవిడతో వాదించి గెలిచినవాళ్ళు మా చుట్టాల్లో లేరు. తోలు వస్తువు గడప దాటి లోపలికి రాకూడదు. నాన్న నడుముకు బెల్టు కూడా గుడ్డదే. చెప్పులు, బూట్లు బయట వసారాలో ఇనుప స్టాండు మీద విడిచి, కాళ్ళు కడుక్కునే లోపలికి రావాలి. అదేమీ మాకు కష్టమని తోచలేదు. మా వీధిలో అందరి ఇళ్ళల్లోనూ అంతే.

నేను ఎనిమిదో తరగతికి వచ్చిన ఏడు వేసవి సెలవుల్లో ఒక మధ్యాహ్నం అమ్మ చారు గిన్నె నా చేతికిచ్చి ముందు గదిలో పెట్టమంది. ఎప్పటిలాగే ఒక చేత్తో గిన్నె, ఒక చేత్తో గోడ. వంటింటి గడప దగ్గర నా బొటనవేలు తగులుకుంది. చీలమండ లోపలికి మడత పడి, చారు నా ముంజేతి మీద ఒలికి, నేను నడవలో బోర్లా పడ్డాను. కాలిన మచ్చ ఇప్పటికీ ఉంది. అంతకంటే చీలమండ సంగతే అమ్మను భయపెట్టింది. పదిహేను రోజులైనా వాపు దిగలేదు.

చూసిన డాక్టరు గారు ముందు నా కాలు చూశారు, తర్వాత నాన్న కాళ్ళ వంక చూశారు. ముగ్గురు డాక్టర్ల పేర్లు కలిపి పెట్టిన ఒక పొడుగాటి ఇంగ్లీషు పేరు చెప్పారు. తాతల నుంచి దిగివచ్చే నరాల జబ్బు అన్నారు. నయం చేసే మందు లేదట. ప్రాణానికేమీ భయం లేదట. కానీ కీలు ఇలాగే మడత పడుతూ ఉంటే కొన్నేళ్ళకు ఎముకలే వంకర తిరిగి, ఆపరేషన్ చేసి బిగించాల్సి రావచ్చనీ, ఇప్పటి నుంచే లేచింది మొదలు పడుకునేదాకా కాలికి ఆధారం ఉండాలనీ చెప్పారు. ఆ మాట వింటూ నాన్న తన పాదాలు రెండూ కుర్చీ కిందికి లాక్కున్నాడు. అది నేను చూశాను. చూసినందుకు నాకే సిగ్గేసింది.

దుకాణం వదిలి నాన్న రాలేడు, కుట్టు మిషన్ వదిలి అమ్మ రాలేదు. అందుకని నన్ను నారాయణగూడ తీసుకుపోయింది బాపమ్మే. సందులో చిన్న పనిగది అది. అలమరల్లో తెల్లటి ప్లాస్టరు కాళ్ళు వరుసగా నిలబెట్టి ఉన్నాయి, ఒక్కొక్క దాని మీద పెన్సిలుతో పేరు. బ్రేసులు చేసే సారుకు కనుబొమ్మల మీద కూడా ప్లాస్టరు పొడి ఉంది. నన్ను బల్ల మీద కూర్చోబెట్టి, పాదం పైకి లేపమన్నాడు, తన చేతిని తొయ్యమన్నాడు, వేళ్ళు కదపమన్నాడు. నేను శాయశక్తులా తోస్తుంటే ఆయన చెయ్యి కదలనే లేదు. నరాలు కరెంటు తీగల్లాంటివనీ, మా వాళ్ళకు వీపు నుంచి ఎంత దూరం పోతే అంత పలచబడతాయనీ, అందుకే అన్నిటికంటే దూరాన ఉన్న పాదాలకు ముందు దెబ్బ తగులుతుందనీ బాపమ్మకు చెప్పాడు.

తర్వాత ఒక్కొక్కటీ తీసి బల్ల మీద పెట్టాడు. మొదటిది మందుల షాపులో దొరికే గుడ్డ పట్టీ, తాళ్ళు లాగి కట్టుకునేది. అది కీలు పక్కకు ఒరగకుండా కొంత ఆపుతుందిగానీ, లేవని పాదాన్ని లేపదు. రెండోది తోలు బూటుకు రెండు పక్కలా ఇనుప కడ్డీలు బిగించి, పిక్క దగ్గర తోలు పట్టీతో కట్టేది. గట్టిది, కాని కాలికి ఇటుక కట్టినంత బరువు. మూడోది కాలి అచ్చు తీసి దాని మీద పోసిన తెల్లటి ప్లాస్టిక్‌ది, బూటు లోపల ఇమిడిపోతుంది. నాలుగోది నల్లగా, అట్టంత పలచగా, స్ప్రింగులా ఉంది, విదేశాల నుంచి వచ్చిందట. నాకు దాని మీదే కన్ను పడింది. నా మడమ పక్కకు ఒరుగుతుంది కాబట్టి అది చాలదనీ, నాకు పాదాన్ని లేపేదీ మడమను పట్టేదీ రెండూ ఒకటే కావాలనీ ఆయన అన్నాడు.

బాపమ్మ అన్నీ విన్నది. చివరికి తను అడగాల్సింది అడిగింది.

"సారూ, దీంట్ల తోలున్నదా?"

"ఇనుపదాంట్ల ఉన్నది పెద్దమ్మా. ప్లాస్టిక్‌దాంట్ల లేదు."

"అయితే గా ప్లాస్టిక్‌దే చెయ్యి."

నాకూ అదే కావాలి, సల్వారు కింద కనపడదు కాబట్టి. ఆవిడ కారణం ఆవిడది, నా కారణం నాది. రెండో పాదం అప్పటికి బాగానే లేచేది, అందుకని ఆయన నా మడత పడే కాలికే పలచటి మేజోడు తొడిగి, ముందు పక్కన ఒక రబ్బరు గొట్టం పెట్టి, దాని మీద తడి ప్లాస్టరు గుడ్డ చుట్టాడు. అది బిగుసుకునేదాకా నా మడమను రెండు చేతులతో నిటారుగా పట్టుకున్నాడు. అంత నిటారుగా నా కాలు నేనెప్పుడూ చూడలేదు. గుడ్డ వేడెక్కి, చల్లారి, రాయిలా అయ్యాక గొట్టం మీదుగా కోసి అచ్చు ఊడదీశాడు. అలమరలోని కాళ్ళ వరుసలో ఇక నాదీ ఒకటి.

పది రోజుల తర్వాత బ్రేసు తొడిగి, కొత్త బూటు వేసి నన్ను గదిలో అటూ ఇటూ నడిపించాడు. నేను ఆగి వెనక్కి చూశాను, ఆ మెత్తటి అడుగుల చప్పుడు ఎవరిదోనని. ఎవరూ లేరు. నా పాదం నేలకు కొట్టుకోలేదు, అంతే. అప్పుడు కలిగిన సంతోషం చెప్పడానికి నాకు ఇప్పటికీ మాటలు చాలవు. ఆయన జాగ్రత్తలు చెప్పాడు. లోపల పొడుగు మేజోడు తప్పకుండా వేసుకోవాలి, విప్పాక ఎర్రటి మచ్చ అరగంటైనా పోకపోతే తనకు చూపించాలి, ప్లాస్టిక్ నున్నగా ఉంటుంది కాబట్టి బూటు లేకుండా బ్రేసు మీద అడుగు వేయకూడదు. అన్నిటికీ తల ఊపాను. బాపమ్మ కూడా ఊపింది.

తర్వాత ఇంటికి వచ్చాం. వసారాలో మెట్టు మీద కూర్చుని బూటు విప్పాను. బూటుతోపాటు బ్రేసు వచ్చింది. రెండూ కలిపి స్టాండు మీద నాన్న చెప్పుల పక్కన పెట్టి, కాళ్ళు కడుక్కుని, గోడ పట్టుకుని లోపలికి పోయాను. నన్ను అలా చేయమని ఎవరూ చెప్పలేదు. వద్దనీ ఎవరూ చెప్పలేదు. బూటు ఉండాల్సిన చోటు బయటే కదా.

బడికి వెళ్ళేటప్పుడు తొడుక్కోవడం, వచ్చాక విప్పడం. రెండు మూడు నెలలు అలాగే గడిచాయి. తర్వాత తెలంగాణ కోసం సమ్మె మొదలైంది. బస్సులు నిలిచిపోయాయి, బడులు మూసేశారు. మాకు సెలవులంటే సంబరంగానే ఉండేది. పొద్దస్తమానం ఇంట్లోనే. బ్రేసు మాత్రం పొద్దస్తమానం వసారాలో, దుమ్ములో. ఒకరోజు చూస్తే వీధి పిల్లి దాని మడమలో తల ఆనించి నిద్రపోతోంది. అందరం నవ్వుకున్నాం. ఆ వారంలోనే నేను నడవలో రెండుసార్లు పడ్డాను. రెండోసారి చీలమండ మళ్ళీ వాచింది. ఎవరికీ చెప్పలేదు. చెబితే మళ్ళీ ఆపరేషన్ మాట వస్తుందని భయం.

మళ్ళీ రమ్మని సారు చెప్పిన రోజుకు బాపమ్మ నన్ను మళ్ళీ తీసుకుపోయింది. బస్సుల్లేవు, ఆటోలు లేవు, ఇద్దరం నడుచుకుంటూనే పోయాం. ఆయన ముందు వాపు చూశాడు. తర్వాత బ్రేసు తిప్పి, అడుగు భాగం వేలితో తడిమి చూశాడు. అది దాదాపు కొత్తదానిలాగే ఉంది.

"ఇంట్ల ఏమేసుకుంటున్నవ్ పాపా?"

నేను బాపమ్మ వంక చూశాను. "ఏం లేదు సార్. వట్టి కాళ్ళే."

ఆయన కోప్పడలేదు. బ్రేసు నా ఒళ్ళో పెట్టి నెమ్మదిగా అన్నాడు. "అంటే కాలు గడప బయట ఇడిసిపెట్టి నువ్వొక్కదానివే ఇంట్లకు పోతున్నవ్. గిట్లయితే ఇది చేసి ఫాయిదా లేదమ్మా. బయట ఉండేది నాలుగు గంటలు, ఇంట్ల ఉండేది ఇరవై గంటలు. పడేది యాడ?"

పడేది ఇంట్లోనే. నా చారు మచ్చ ఇంట్లోదే, ఈ వాపూ ఇంట్లోదే. బాపమ్మ మొహంలోకి చూడడానికి కూడా నాకు ధైర్యం చాలలేదు. తన నియమాన్ని పరాయి మనిషి తప్పుపడితే ఊరుకునే మనిషి కాదు. అయినా ఆ రోజు ఆవిడ బ్రేసు పైన ఉన్న గుడ్డ పట్టీలు, లోపల అతికించిన మెత్త వేలితో గీకి చూసి, "దీంట్ల యాడా తోలు లేదు గదా?" అని మళ్ళీ ఒకసారి అడిగింది. లేదన్నాడు.

తిరిగి వచ్చేటప్పుడు దారంతా ఆవిడ నా వెనకే నడిచింది. మామూలుగా ముందు నడుస్తుంది. ఇంటికి చేరాక ఎప్పటిలాగే మెట్టు మీద కూర్చుని బూటు విప్పి, కాళ్ళు కడుక్కుని, నడవలోకి వచ్చి గోడ మీద చెయ్యి వేశాను. వెనక నుంచి ఆవిడ నా మణికట్టు పట్టుకుంది. నా చెయ్యి ఎత్తి, దాని కింద ఉన్న సన్నటి గీతను చూసింది. పైనున్న వెడల్పు గీతను చూసింది. చాలాసేపు చూసింది.

"మీ తాత గీ గోడ పట్టుకొనే పొయ్యిండు బిడ్డా," అంది. "నేనేం జేసిన? ఏడాదికోపారి సున్నం ఏయించిన."

ఆవిడ గొంతులో ఏడుపు లేదు. ఏదో తేల్చుకున్న మనిషి గొంతు అది. నాకు మాత్రం ఏడుపొచ్చింది. ఆ రోజు దాకా ఆ గీత ఆవిడకు కనిపిస్తుందని కూడా నేను అనుకోలేదు.

రెండు మూడు రోజులు పోయాక ఆవిడ ఒక పొద్దున ఒక్కతే బజారుకు పోయి ఏవో పొట్లాలు తెచ్చి తన ట్రంకు పెట్టెలో పెట్టింది. పట్టుచీరలుండే పెట్టె అది, మమ్మల్ని ముట్టుకోనిచ్చేది కాదు. దసరాకు సున్నం వేయించే పని అమ్మ గుర్తుచేస్తే, ఈసారి పండగ అయినాక వేయిద్దామంది. అమ్మా నాన్నా మొహాలు చూసుకున్నారు. మా ఇంట్లో దసరా సున్నం ఆగడం అదే మొదటిసారి.

పండగ పొద్దున పనిముట్లకు పూజ. దేవుడి గదిలో పీట వేసి, కత్తిపీట, అమ్మ కుట్టు మిషన్, నాన్న దుకాణం నుంచి తెచ్చిన కాగితాలు కోసే కట్టరు వరుసగా పెట్టి, పసుపు రాసి కుంకుమ బొట్లు పెట్టడం మా అలవాటు. అడిక్‌మెట్ నుంచి మా మేనత్త, అంటే నాన్న వాళ్ళక్క, కూడా వచ్చింది. నియమాల్లో తల్లిని మించిన కూతురు. అందరం స్నానాలు చేసి నిలబడ్డాం. బాపమ్మ వసారాలోకి పోయి నా బ్రేసు పట్టుకొచ్చింది. ముందు రోజే కుంకుడు రసంతో కడిగి ఆరబెట్టినట్టుంది, కొత్తదానిలా మెరుస్తోంది. ట్రంకు తెరిచి ఒక పొట్లం విప్పింది. తెల్లటి గుడ్డ బూట్లు. బ్రేసు పట్టాలి కాబట్టి నా కొలత కంటే ఒక సైజు పెద్దవి. రెండింటినీ తీసుకెళ్ళి పీట మీద కట్టరు పక్కన పెట్టింది. పసుపు రాసింది. బొట్టు పెట్టింది.

అత్తయ్య పీట మీదికి వంగి చూసింది.

"ఏందమ్మా ఇది? చెప్పులు దేవుని కాడ పెడ్తవా? నీకేమన్న మతి దప్పిందా?"

"చెప్పులు బయటున్నయ్," అంది బాపమ్మ. చెయ్యి ఆపలేదు. "ఇవి గీ పొద్దు గడప లోపల పుట్టినయ్. బయటకు పోవు. కత్తితోటి కూరగాయ కోస్తమని బొట్టు వెడ్తం. మిషన్‌తోటి బట్ట కుడ్తమని వెడ్తం. దీంతోటి నా మనవరాలు నడుస్తది."

"మడి ఏం గావాలె మరి?"

"మడి నాది. నేను జూసుకుంట."

ఆ నియమాన్ని అన్నేళ్ళు కాపాడిన మనిషే దాన్ని జరిపితే, కాదనేవాళ్ళెవరు?

హారతి అయ్యాక నన్ను ఇంకో పీట మీద కూర్చోబెట్టి, తనే మేజోడు తొడిగి, బ్రేసు పట్టీలు బిగించి, బూట్లు తొడిగింది. తాళ్ళు ముడివేయడం ఆవిడకు రాదు. చీర కుచ్చిళ్ళు బిగించినట్టు దోపబోయింది. అమ్మ వంగి ముడివేసింది. పెద్దావిడ నా కాళ్ళ దగ్గర కూర్చుందని నాకు చెప్పలేనంత ఇబ్బందిగా ఉంది. ఇంట్లో బూట్లతో నిలబడడం ఇంకా ఇబ్బంది. నేల మీద అడుగు వేయడానికే మనసొప్పలేదు. విప్పేస్తానన్నాను.

"తియ్యకు," అంది. "పా, వంటింట్లకు."

వంటింట్లో నైవేద్యానికి వండిన పరమాన్నం ఇత్తడి గిన్నెలో పొయ్యి మీద ఉంది. ఆవిడ దాన్ని దింపి, గిన్నె చుట్టూ తడిగుడ్డ చుట్టి, నా ముందు పట్టుకుంది.

"రెండు చేతుల్తోటి పట్టుకో."

మీకు చెబితే చిన్న విషయంలా అనిపిస్తుంది. కాని నా జీవితంలో అప్పటికి నేను రెండు చేతులతో ఏదీ పట్టుకుని నడవలేదు. ఒక చెయ్యి ఎప్పుడూ గోడదే. గిన్నె బరువుగా ఉంది, ఆవిరి మొహానికి తగులుతోంది, నా ముంజేతి మచ్చ చురుక్కుమన్నట్టే అనిపించింది. నడవకు అటు చివర అమ్మ, అత్తయ్య. వాళ్ళ ముందు నాన్న, ఒక చెయ్యి గోడకు ఆనించి, నా పాదాల వంకే చూస్తున్నాడు. అమ్మ నా వైపు ఒక అడుగు వేసింది. బాపమ్మ నా వెనక నుంచి వద్దని చెయ్యి ఊపినట్టుంది, అమ్మ ఆగిపోయింది.

ముందు వంటింటి గడప. మోకాలు ఎత్తాను. బొటనవేలు తగలలేదు. అడుగు పడింది. తర్వాత నడవ. గోడ నా పక్కనే ఉంది, దాని మీద నా గీత నన్ను పిలుస్తున్నట్టే ఉంది. కుడి భుజం దానంతటదే అటు వాలుతోంది. పడితే అందరి మీదా పడుతుంది ఈ వేడి, పండగ పూట, అదీ బాపమ్మ మాట నెగ్గిన పూట. అలా అనుకోగానే నాకు పట్టుదల వచ్చింది. పడను అనుకున్నాను. గిన్నె వంక చూడడం మానేసి ఎదురుగా నాన్న మొహం చూస్తూ నడిచాను. మధ్యలో ఒకసారి ఊగాను. మడమ ఒరగబోయింది, ప్లాస్టిక్ దాన్ని పట్టి నిలబెట్టింది. సారు చేతులు పట్టుకున్నట్టే. పది పదిహేను అడుగులుంటాయేమో. దేవుడి గది చేరి గిన్నె కింద పెట్టేసరికి నా చెంపల వెంట చెమట కారుతోంది. వెనక్కి చూస్తే నడవ నేల మీద ఒక్క చుక్క కూడా లేదు.

ఎవరూ చప్పట్లు కొట్టలేదు, మా ఇంట్లో అలాంటివి లేవు. బాపమ్మ నైవేద్యం పెట్టి, గంట మోగించి, మొదటి గరిటె నా చేతిలో వేసింది. అత్తయ్య మూతి ముడుచుకుంటూనే రెండుసార్లు వడ్డించుకుని తిన్నది. నాన్న తినలేదు. నడవలోనే నిలబడి తన చేతి కింద ఉన్న గీతను చూసుకుంటున్నాడు.

ఆ రోజు నుంచి ఇంట్లో కొత్త నియమం వచ్చింది, పాతదానికేమీ తీసిపోకుండా. గడప పక్కన ఒక చెక్క స్టూలు. బయటి నుంచి వచ్చి దాని మీద కూర్చోవాలి, బయటి బూటు విప్పి బయట పెట్టాలి, బ్రేసు తడిగుడ్డతో తుడవాలి, లోపలి బూటు వేసుకోవాలి. లోపలి జత బయటకు పోకూడదు, బయటి జత లోపలికి రాకూడదు. ఒకసారి మరిచిపోయి లోపలి బూట్లతో వసారాలోకి అడుగుపెడితే, బాపమ్మ నాచేతే వాటిని ఉతికించి ఆరబెట్టించింది. మడి ఎక్కడికీ పోలేదు, కొంచెం జరిగి నా కాళ్ళకు చోటిచ్చింది.

పండగ అయిన వారానికి, దుకాణం ఒక పూట మూసి, నాన్న మాతో నారాయణగూడ వచ్చాడు. నన్ను చూపించడానికే అన్నాడు. సారు నా వాపు తగ్గిందని చెప్పి లేవబోతుంటే, నాన్న తన చెప్పు వెనకనున్న రబ్బరు పట్టీ మీదికి వంగి, దాన్ని విప్పడానికి చాలాసేపు తంటాలు పడ్డాడు. వట్టి పాదం బల్ల మీద పెట్టాడు.

"సార్, నాది గూడ జర చూస్తరా?" అన్నాడు.

నాన్న కీలు అప్పటికే వంకరలో బిగుసుకుపోయింది. నాలాంటి బ్రేసు ఆయనకు పనికిరాదనీ, వంకరను సరిచేయబోతే పుండు పడుతుందనీ, ఆ వంకరకే ఆసరాగా ఉండేలా లోపల మెత్త వేసి వేరేది చేయాలనీ సారు చెప్పాడు. చేశాడు కూడా. తండ్రీ కూతుళ్ళదైనా, జబ్బు ఒకటే అయినా, ఒకరిది ఒకరికి సరిపోదని అప్పుడే తెలుసుకున్నాను. ఇంటికి వచ్చాక బాపమ్మ ట్రంకులోంచి ఇంకో పొట్లం తీసి నాన్న ముందు పెట్టింది. పెద్ద సైజు గుడ్డ బూట్లు. నా జతతోపాటే కొని ఉంచిందట, అడిగినప్పుడు ఇద్దామని. ఆ తర్వాతే గోడకు సున్నం వేయించింది.

ఇప్పుడు నేను ఎవరింటికి వెళ్ళినా నా సంచిలో ఒక శుభ్రమైన గుడ్డ బూట్ల జత ఉంటుంది. గడప దగ్గర ఒక స్టూలు అడుగుతాను, కూర్చుని మార్చుకుంటాను, లోపలికి నడుస్తాను. క్షమించమని అడగను. చాలామంది ఏమీ అనరు. ఒకరిద్దరు అన్నారు, వాళ్ళ వసారాలోనే కూర్చుని మాట్లాడి వచ్చేశాను. నారాయణగూడ బల్ల మీద పిల్లలు ఆంటీ ఏ బ్రేసు మంచిది అని అడిగితే, అది సారు చెప్పాలి అంటాను. నేను అడిగేది ఒక్కటే, ఇంట్లో ఏం వేసుకుంటావు అని. వాళ్ళు పక్కనున్న అమ్మ వంకో నానమ్మ వంకో చూస్తారు. అప్పుడు నేను ఆ పెద్దవాళ్ళ వైపు తిరిగి ఈ కథంతా చెబుతాను.

బాపమ్మ ఇప్పుడు లేదు. చివరి రెండేళ్ళు ఆవిడ మోకాళ్ళు సహకరించలేదు. పడకగది నుంచి దేవుడి గదికి ఆ నడవలోంచే పోవాలి. గోడ పక్కనే ఉంది, పట్టుకోవచ్చు. ఆవిడ దాని మీద చెయ్యి వేయలేదు. పొద్దున్నే గడపలో నిలబడి నా కోసం చూసేది, నేను బూట్ల తాళ్ళు బిగించుకుని వచ్చేదాకా. నా చేతులు రెండూ ఖాళీగానే ఉండేవి. అందులో ఒకటి ఆవిడ పట్టుకునేది.